ఇల్లరికపు పెట్టుబడి

పట్టాభి విదేశీ పెట్టుబడుల పాఠం చెప్పే రోజున పక్క ఇన్‌స్టిట్యూట్ల పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడి వినేవారని దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుకుంటారు. ఇందులో అతిశయోక్తి కొంచెం ఉంది గాని అబద్ధం లేదు. మెట్రో స్తంభాల వెంబడి ఎటు చూసినా గ్రూప్స్ కోచింగ్ బోర్డులు వేలాడే ఆ వీధుల్లో ఎకానమీ చెప్పేవాళ్ళు సందుకు నలుగురున్నారు. ఎకానమీ వింటూ పిల్లలు పగలబడి నవ్వేది మాత్రం మహిపాల్ స్టడీ సర్కిల్ రెండో అంతస్తులోనే.

ఆ నవ్వుకు కారణం ఇద్దరు అల్లుళ్ళు.

"రాసుకోండర్రా," అనేవాడు పట్టాభి. "విదేశీ డబ్బు మన ఇంటికి రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పండక్కొచ్చే అల్లుడు. షేర్ మార్కెట్లో దిగుతాడు, గారెలు తింటాడు, కొత్త బట్టలు పుచ్చుకుంటాడు. సాంబార్లో ఉప్పెక్కువైందా, ఆ సాయంత్రమే బస్సెక్కేస్తాడు. వాణ్ణి నమ్ముకుని పందిరి వేయకూడదు. రెండోది, ఇల్లరికపు అల్లుడు. పెట్టే బేడాతో వస్తాడు. ఫ్యాక్టరీ పెడతాడు, గోడ కడతాడు, చెడిపోయిన మోటారు బాగు చేయిస్తాడు. అలిగినా వెంటనే పోలేడు, సామాను సర్దుకోవడానికే ఏడాది పడుతుంది. ఎఫ్‌డీఐ అంటే వీడు. రాసుకున్నారా?"

అంతటితో ఆగేవాడు కాదు. మారిషస్, సింగపూర్ లాంటి చిన్న దేశాల నుంచి మనకు అంతంత డబ్బెలా వస్తోందని ఎవరైనా అడిగితే, "అల్లుడు ఏ బస్సు దిగాడో అదే వాడి ఊరని రాసుకుంటారు. ఆ బస్సు ఎక్కడ ఎక్కాడో అడగరు," అనేవాడు. రాష్ట్రాల వారీ లెక్కలు వచ్చినప్పుడు ఇంకో అడుగు వేసేవాడు. "ఫ్యాక్టరీ మన దగ్గరున్నా, కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉంటే ఆ డబ్బు మహారాష్ట్ర లెక్కలో పడిపోవచ్చు. ఇల్లరికపు అల్లుడు బజారుకెళ్ళి కూరలు మోసుకొస్తాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం మామగారింట్లో ఇవాళ గుత్తొంకాయ అంటారు. లెక్క ఎక్కడ రాశారో పని అక్కడే జరిగిందని అనుకోకండి." ఇక్కడ బెంచీలు అదిరేవి.

ఇంతమందికి ఇన్నేళ్ళు చెప్పిన ఈ పాఠాన్ని పట్టాభి ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఎందుకంటే అతను స్వయంగా ఇల్లరికపు అల్లుడు.

మామగారు గోపయ్య తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాన్ల కొట్టు పెట్టి, సైదాబాద్‌లో మేడ కట్టినవాడు. ఒక్కగానొక్క కూతురు కుసుమకుమారిని, రేపల్లె కుర్రాడు, ఎం.ఏ. ఎకనామిక్స్ చదివిన పట్టాభికిచ్చి, "ఇల్లు పెద్దది, మనుషులు తక్కువ. ఇక్కడే ఉండిపోరాదూ," అన్నాడు. మంచివాడు. అల్లుణ్ణి పల్లెత్తు మాట అన్నవాడు కాదు. అయినా ఆయన పోయి పదేళ్ళు దాటిన తర్వాత కూడా ఆ వీధిలో పాలవాడి నుంచి కరెంటు బిల్లు మనిషి దాకా పట్టాభిని గోపయ్యగారి అల్లుడు అనే పిలుస్తారు. బాధ అని చెప్పుకునేంత పెద్దది కాదు. చెప్పులో చిన్న రాయి లాంటిది. దాన్ని పట్టాభి క్లాసులో తీసి అందరికీ చూపించి నవ్వించేవాడు, ఇంటికొచ్చేముందు మళ్ళీ చెప్పులో వేసుకునేవాడు.

అందువల్లనే అతనికి క్లాసంటే ప్రాణం. ఉంటున్న ఇల్లు మామగారిది, మేడ మీద ఆడపిల్లల హాస్టల్ నడిపే వ్యవహారం భార్యది. ఆ రెండో అంతస్తు గది, అందులోని నల్లబల్ల, పిల్లల నవ్వు, ఇవి మాత్రం ఎవరూ ఇవ్వకుండా తను సంపాదించుకున్నవి. అది పోతే తను మళ్ళీ ఒట్టి గోపయ్యగారి అల్లుడే.

ఆ గదికే గండం వచ్చింది. అందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితిలో పడ్డట్టు, ఎఫ్‌డీఐ గురించి ఊరందరికీ చెప్పిన పట్టాభి నెత్తిమీదికి ఎఫ్‌డీఐ వచ్చి కూర్చుంది.

ఒక మధ్యాహ్నం మహిపాల్ పిలిచి టీ తెప్పించాడు. మహిపాల్ నల్లగొండ వైపు మనిషి, స్టడీ సర్కిల్‌ను రెండు బెంచీలతో మొదలుపెట్టినవాడు.

"సార్, మనకు సింగపూర్ పైసలొచ్చినయ్," అన్నాడు.

"మంచిదేగా!"

"మంచిదే. సగానికి జర ఎక్కువే వాటా తీసుకున్నరు. మీరు చెప్తరు గదా, ఇల్లటం అల్లుడు. గాయిననే మనింటికొచ్చిండు. ఇగ నా కుర్చీ ఏడుంటదో చూడాలె." నవ్వబోయి మానేశాడు. "గాళ్ళు ఫోన్ల పాఠాలు జెప్పే యాప్ పెడ్తున్నరు సార్. సబ్జెక్టుకు ఒక్కడే సార్ ఉంటడు. ఒక పాఠం రికార్డింగ్ జేసి పంపాలె. నచ్చితే యాప్‌ల గూడా, క్లాసుల గూడా గా సారే. ఎకానమీకి మీ పేరిచ్చిన. గాళ్ళు అభిరామ్ అని ఒక పిలగాని పేరు తెచ్చిన్రు. మస్తు స్పీడుగ చెప్తడట."

"నచ్చకపోతే?"

మహిపాల్ టీ కప్పులోకి చూశాడు. "నేను కొట్లాడ్త సార్. కని పాఠం మంచిగ రావాలె."

"ఏ పాఠం?"

"ఎఫ్‌డీఐ."

పట్టాభికి ప్రాణం లేచొచ్చింది. కోడిని కూయమన్నట్టు, తనను ఆ పాఠం చెప్పమన్నారు. చెప్పలేకపోవడమా!

చెప్పలేకపోయాడు.

స్టూడియో ఎల్.బి.నగర్‌లో ఒక టైల్సు షాపు పైన ఉంది. రింగ్ రోడ్డు బస్సుల మోత వినిపించకుండా కిటికీలకు దళసరి స్పాంజి కొట్టారు. ఏసీ చప్పుడు రికార్డవుతుందని దాన్నీ ఆపేశారు. ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబెట్టి, మొహానికి ఇంత పౌడరు రాసి, చొక్కాకి మైకు తగిలించి, "చెప్పుర్రి సార్," అంది స్వప్న. ఆ కంపెనీ తరఫున రికార్డింగులు చూసే అమ్మాయి ఆమె. జాన్సన్ అనే అతను కెమెరా పట్టుకున్నాడు. అంతే జనం.

పట్టాభి చదువు చెప్పే పద్ధతి దిల్‌సుఖ్‌నగర్ పద్ధతి. ఒక వాక్యం చెబుతాడు. అదే వాక్యాన్ని నిదానంగా రెండోసారి చెబుతాడు. పిల్లల కలాలు ఆగేదాకా ఆగుతాడు. కలాలు ఆగాక కాస్త నవ్విస్తాడు. మళ్ళీ వాక్యం. ఇన్నేళ్ళుగా ఆ కలాల చప్పుడే అతనికి తాళం. ఇక్కడ కెమెరా ముందు కూడా అలాగే, "విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి అనగా... రాసుకోండి," అన్నాడు. ఆగాడు. ఎవరూ రాయలేదు. ఎవరూ రాయకపోతే ఎప్పుడు ముందుకు వెళ్ళాలో అతనికి తెలియలేదు. పండక్కొచ్చే అల్లుడి దగ్గర నవ్వు కోసం ఆగితే జాన్సన్ నవ్వాపుకోవడం కనబడింది. చప్పుడు చేయకూడదట.

అయ్యాక స్వప్న మొహమాటపడుతూ చెప్పింది. "సార్, పాఠంల సగం సేపు మీరు ఊకెనే నిలవడి చూస్తున్నరు. చెప్పినయ్ మంచిగున్నయ్, కని గా చూసుడు... ఇంకో చాన్స్ తీసుకుందాం. శనివారం రండి సార్. గదే లాస్టు. ఆ రోజు సాయంత్రం పంపెయ్యాలె."

ఇంటికొచ్చి పట్టాభి ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే తెలియదనుకోవడం మగవాళ్ళ వెర్రి. వంకాయ కూరలో ముక్కలన్నీ పక్కకు పెట్టి ఉత్త అన్నం కలుపుకుంటున్న మనిషిని చూసి కుసుమకుమారి గిన్నె కింద పెట్టేసింది.

"ఏమైందండీ?"

చెప్పాడు. సింగపూర్ నుంచి మొదలుపెట్టి పౌడరు దాకా అంతా చెప్పాడు. చివర, "ఆ గది పోతుందేమో కుసుమా," అన్నాడు.

ఆమె కాసేపు ఆలోచించింది. "రాసుకునేవాళ్ళు లేకనేగా ఈ గొడవంతా? మీ పిల్లల్నెవరినైనా తీసుకెళ్ళండి."

"శనివారం వాళ్ళకి గ్రాండ్ టెస్టు. సెంటరు దాటి ఒక్కడూ రాడు."

"మా హాస్టల్ పిల్లలూ దానికే పోతున్నారు. సరే, నేనొస్తాను. ఎదురుగా కూర్చుని రాసుకుంటాను. నేనూ బి.ఏ. పాసైనదాన్నేగా!"

పట్టాభి కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేశాడు. కుసుమ ఎదురుగా కూర్చుంటుందా? ఆ పాఠానికా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ ఒక్కటే గెలుస్తూ ఇంటిని దాటవేసిన మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో పెద్దలు చెప్పలేదు, పట్టాభిని చూస్తే తెలుస్తుంది. వద్దనడానికి కారణం కావాలి. ఉన్న కారణం పైకి చెప్పేది కాదు. "నీకెందుకు శ్రమ," అని గొణిగి చూశాడు. ఆమె అప్పటికే తెల్ల కాగితాల నోటు పుస్తకం వెతకడానికి లేచింది.

శనివారం మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కారు. కుసుమకుమారి పెళ్ళిళ్ళకు కట్టే మెంతిరంగు చీర కట్టుకుంది. ఒకటి ఆగిపోతే ఇంకోటి ఉండాలని రెండు పెన్నులు తెచ్చుకుంది. చైతన్యపురి దాటేదాకా పట్టాభి ఒకటే నిశ్చయం చేసుకుంటున్నాడు. అల్లుళ్ళ జోలికి పోకూడదు. పుస్తకంలో ఉన్నట్టు చెప్పేయాలి. చప్పగా ఉంటుంది. ఉండనీ. భార్య మనసు నొప్పించి నిలబెట్టుకునే గది ఏం గది?

స్వప్న కుసుమకుమారిని చూసి సంబరపడింది. "కూసోండి ఆంటీ," అని కెమెరాకు సరిగ్గా కింద స్టూలు వేసింది. "మాట్లాడొద్దు ఆంటీ, రాసుకోండి, చాలు."

పట్టాభి మొదలుపెట్టాడు. "విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి అనగా..." ఎదురుగా కలం కదిలింది. కాగితం మీద బరబరా చప్పుడు. రెండోసారి చెప్పాడు. కలం ఆగింది. కుసుమ తలెత్తి, తర్వాత ఏమిటన్నట్టు చూసింది. ఆ చూపుతో పట్టాభికి తన గది తిరిగొచ్చినట్టయింది. ఇక ఆగలేదు. ప్రభుత్వ అనుమతి అక్కర్లేని దారేమిటో, అనుమతి కావలసిన దారేమిటో చెప్పాడు. ఏ రంగాల్లోకి డబ్బు వస్తోందో, ఏటేటా ఎందుకు పెరిగి తగ్గుతుందో చెప్పాడు. తన ఊరికి వచ్చేసరికి మరీ ఉషారొచ్చింది.

"మన నగరంలో విదేశీ పెట్టుబడి ఎక్కువగా పడమటి వైపు దిగింది. అద్దాల భవనాలన్నీ అటే. మరి తూర్పున మనకేమొచ్చింది? ఆ భవనాల్లో పనిచేసే మనుషుల్లో ఎంతోమంది మన వైపు నిద్రలేస్తారు. వాళ్ళిచ్చే కిరాయిలు, తినే ఇడ్లీలు, వాళ్ళ పిల్లల ట్యూషన్లు మనవి. ఎల్.బి.నగర్ దాటి బడంగ్‌పేట్ దాకా లేచిన అపార్ట్‌మెంట్లలో ఆ జీతాలున్నాయి. పెట్టుబడి ఒకచోట దిగుతుంది, దాని కాపురం ఇంకోచోట సాగుతుంది."

కుసుమ అది కూడా రాసుకుంది. ఆ ఉషారులో నిశ్చయం ఎక్కడ జారిపోయిందో, "విదేశీ డబ్బు మన ఇంటికి రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పండక్కొచ్చే అల్లుడు," అనేశాడు. గారెలు, బట్టలు, సాంబారు అన్నీ దొర్లిపోయాయి. కుసుమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి పట్టాభి మురిసిపోయాడు.

"రెండోది..." అని ఆగిపోయాడు.

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. కెమెరా తిరుగుతోంది. స్వప్న చేత్తో కానివ్వమని సైగ చేస్తోంది. కుసుమ కలం కాగితం మీద సిద్ధంగా ఉంది.

"రెండోది... దీర్ఘకాలిక పెట్టుబడి," అన్నాడు చచ్చు గొంతుతో.

ఆమె రాయలేదు. "అది కాదు కదండీ," అంది. మాట్లాడొద్దన్న సంగతి మరిచిపోయింది. "ఇల్లరికపు అల్లుడు కదూ?"

పట్టాభి కెమెరా సంగతి మరిచిపోయి, "నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"బాగుంది, మన మేడ మీద ఇన్నేళ్ళుగా ఆడపిల్లలున్నారు. అందరూ మీ క్లాసుకే పోతారు. రాత్రి అన్నాలప్పుడు కూరలు వడ్డిస్తుంటే, ఆంటీ ఇవాళ మామగారింట్లో గుత్తొంకాయా అని అడిగి పడీపడీ నవ్వేవాళ్ళు. సాధన అని మొన్న చేరిన పిల్ల, మీ గొంతుతో సహా చెబుతుంది. నాకు మొత్తం వచ్చు. మీరే ఎప్పుడో ఒకప్పుడు నాకు చెబుతారని చూస్తున్నాను. చెప్పండి."

ఆమె గొంతులో కోపం లేదు. పట్టాభి అందుకే ఎక్కువ కుంచించుకుపోయాడు. తప్పించుకునే దారి లేక చెప్పాడు. పెట్టే బేడా, గోడ, మోటారు, మోసుకొచ్చిన కూరలు, ఏదీ వదలకుండా చెప్పాడు. ప్రతి వాక్యాన్నీ రెండోసారి కూడా చెప్పాడు. ఆమె తల వంచుకుని ప్రతి ముక్కా రాసుకుంది. రాయడం అయ్యాక పిల్లల్లాగే చెయ్యెత్తింది.

"సార్, ఒక డౌటు."

"ఏమిటి?"

"ఈ పాఠంలో మామగారున్నారు. అల్లుడున్నాడు. గోడ, మోటారు, వంకాయలు, ఉప్పెక్కువైన సాంబారు అన్నీ ఉన్నాయి. ఇంతకీ ఆ ఇంటి కూతురేదండీ? ఆమె లేకుండా వాడు అల్లుడెలా అయ్యాడు?"

జాన్సన్ కెమెరా పక్క నుంచి తల బయటకు పెట్టి చూశాడు. వేలాది మంది పిల్లలకు ఆ పాఠం చెప్పాడు పట్టాభి. నిరుద్యోగం మీద అడిగారు, రూపాయి విలువ మీద అడిగారు, ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. అడగనిది వాళ్ళ తప్పు కాదు. చెప్పిన కథలో ఆడమనిషి అడుగు పెట్టే చోటే లేదు. మామగారి ఇంటి మీద కినుకతో ఆ ఇంట్లో తన మనిషిని కూడా చెరిపేశాడు. సిగ్గుతో అతనికి చెవులు వేడెక్కాయి.

"మంచి ప్రశ్న," అన్నాడు, అలవాటు కొద్దీ. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"పెట్టుబడి ఎందుకొస్తుందని అడిగితే నేను పన్ను రాయితీలు, చవక భూమి, రోడ్లు, కరెంటు చెబుతాను. అవన్నీ రావడానికి కారణాలు. ఉండిపోవడానికి వేరే కారణం కావాలి. వచ్చిన లాభాన్ని పెట్టుబడిదారు తన ఊరికి తీసుకెళ్ళొచ్చు. తీసుకెళ్ళకుండా ఇక్కడే మళ్ళీ పెడితే దాన్ని పునఃపెట్టుబడి అంటారు. అదీ ఎఫ్‌డీఐ లెక్కలోదే. కొత్తవాళ్ళు ఎంతమంది వచ్చారని మనం చూస్తాం. పాతవాడు పోకుండా ఎందుకు ఉన్నాడని కూడా చూడాలి."

కుసుమ రాస్తోంది.

"ఈ అల్లుడికి పెళ్ళైన కొత్తలోనే సొంత ఊళ్ళో కాలేజీ ఉద్యోగం వచ్చింది. అక్కడ వాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. వెళ్దామనే అనుకున్నాడు. ఆ ఇంటి కూతురు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. సంగతి చెప్పాడు. ఆమె దండెం మీద చీర అలాగే వదిలేసి, ఎప్పుడు బయల్దేరాలి, సామాను సర్దనా అంది. పుట్టి పెరిగిన ఇల్లు, కన్నవాళ్ళు, ఏదీ గుర్తుచేయలేదు. ఎందుకని కూడా అడగలేదు. అలాంటి మనిషి పక్కనుంటే ఏ ఊరైతేనేం అనిపించింది వాడికి. ఉద్యోగం వద్దని రాసేశాడు. మామగారి ఇల్లు పెద్దదని ఉండిపోయాడనుకున్నారు లోకులు. వాడు ఉన్నది ఆ మనిషి కోసం. ఈ మాట వాడు ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. క్లాసులోనూ చెప్పలేదు." గొంతు సవరించుకున్నాడు. "ఉండిపోవడానికి కారణం ఆ ఇంటి కూతురు. రాసుకోండి."

రెండోసారి చెప్పాడు. "ఉండిపోవడానికి కారణం... ఆ ఇంటి కూతురు. రాసుకున్నారా?"

కలం కదల్లేదు. కుసుమకుమారి చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. పట్టాభి ఆగాడు. ఎంతసేపైనా ఆగడానికి సిద్ధంగానే ఉన్నాడు.

స్వప్న "కట్" అంది. "సార్, సూపరొచ్చింది సార్! ఒక్కటే సమస్య. పాఠంల ఇంకొకరి గొంతు ఉండొద్దని కంపెనీ రూలు. ఆంటీ మాటలు, గా ప్రశ్నకు మీరు జెప్పిన బట్టలారేసిన ముచ్చట ఎడిటింగ్‌ల తీసేస్త. మిగతాది ఫస్ట్ క్లాసుంది. గ్యారెంటీగా మీకే వస్తది."

"తీసేయమ్మా," అంది కుసుమ వెంటనే. "వెధవ మాటలు, నాకే నోరాగలేదు."

"వద్దు," అన్నాడు పట్టాభి.

"సార్, గట్లనే పంపితే రిజెక్ట్ చేస్తరు సార్. గిదే లాస్ట్ చాన్స్."

"ఏవండీ, మొండికెత్తకండి. మీ క్లాసు పోతుంది." కుసుమ అతని చేయి పట్టుకుంది.

పోతుందని అతనికీ తెలుసు. ఆ గదిని, నల్లబల్లను, బెంచీల మోతను అతను ఎంత ప్రేమించాడో ఇంకెవరికీ తెలియదు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నేళ్ళూ ఈవిణ్ణి తీసేసే చెప్పానమ్మా ఈ పాఠం," అన్నాడు స్వప్నతో. "ఇంక తీయను. ఉంటే మొత్తం ఉంచు, లేకపోతే మొత్తం పారెయ్."

తిరుగు ప్రయాణంలో మెట్రోలో కుసుమ అతని చేయి వదల్లేదు.

తర్వాతి వారమంతా పట్టాభి క్లాసుకు వెళ్ళిన ప్రతిసారీ బల్ల తుడిచాక ఒకసారి గదంతా కలయజూసి బయటకు వచ్చేవాడు. చివరికి మహిపాల్ పిలిచాడు. ఈసారి టీ రెండుసార్లు తెప్పించాడు.

"యాప్ అభిరామ్‌కు ఇచ్చిన్రు సార్. ఫార్మాట్‌కు పడలేదంటున్నరు."

పట్టాభి తల పంకించాడు. "నాకు తెలుసండీ. మీరేం బాధపడకండి. ఈ నెలాఖరుకి గది ఖాళీ చేసి..."

"గది ఎందుకు సార్ ఖాళీ జేసుడు? ముచ్చట పూరా వినుర్రి." మహిపాల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "గా వీడియో నాకు గూడా పంపిన్రు. ఇంట్ల కూసోని చూస్తున్న. మా ఇంట్లామె గూడా చూసింది. చూసినంక మూడు రోజుల సంది నాతోని మాట్లాడుతలేదు. ఏందని అడిగితే, గీ ఇన్‌స్టిట్యూట్ల నేనేడున్న అంటున్నది. బోర్డు మీద నీ పేరే, ఫోటో నీదే, మొదటి బ్యాచుకు నోట్సులన్నీ చేత్తోని రాసిచ్చింది నేను గాదా అంటున్నది. నేనేం జెప్పాలె? నిజమే గదా!" నుదురు రుద్దుకున్నాడు. "నిన్న సింగపూరోళ్ళతోని గట్టిగనే చెప్పిన. వాటా మీకెంతున్నా బిల్డింగ్ నాది. యాప్ మీ ఇష్టం. పొద్దుగాల బ్యాచ్ ఎకానమీ మాత్రం పట్టాభి సారే చెప్తడు అని. కొంచెం లొల్లయింది. ఒప్పుకున్నరు. ఇయ్యాల మా ఇంట్లామెకు గీ మాట జెప్తే పొద్దున ఉప్మా పెట్టింది."

పట్టాభి మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాడు. ఇంటికి నడుచుకుంటూనే వచ్చాడు. కుసుమకుమారి వరండాలో హాస్టల్‌కు చిక్కుళ్ళు వలుస్తోంది. యాప్ పోయిందని, పొద్దుటి బ్యాచ్ నిలిచిందని, మహిపాల్ భార్య పెట్టిన ఉప్మా సంగతి, అన్నీ వరస తప్పి చెప్పాడు. ఆమె చిక్కుళ్ళ చేట పక్కకు పెట్టి విన్నది.

"పొద్దుటి బ్యాచ్ ఎన్నింటికి?" అంది.

"ఆరున్నరకి. ఎందుకు?"

"నేనూ వస్తాను. వెనక బెంచీలో కూర్చుంటాను. మా ఇంటి గురించి ఇంకా ఏమేం చెప్పారో వినాలి."

పట్టాభి గతుక్కుమన్నాడు. సబ్సిడీల పాఠంలో అత్తగారి నెయ్యి గిన్నె ఉంది. ద్రవ్యోల్బణంలో గోపయ్యగారి పొట్ట ఉంది. ఇక ద్రవ్యలోటు పాఠమైతే మొత్తం కుసుమ చీరల కొనుగోళ్ళ మీదే నడుస్తుంది.

"రా," అన్నాడు. "ద్రవ్యలోటు రోజున మాత్రం రాకు."

"ఆ రోజు ముందు బెంచీలో కూర్చుంటాను," అంది కుసుమ, మళ్ళీ చిక్కుళ్ళు అందుకుంటూ.

పట్టాభి వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆ గది తనొక్కడిదని దాచుకున్నాడు. ఇప్పుడందులోకి ఆమె వస్తానంటే భయం వేసింది. భయం కంటే సంతోషం చాలా ఎక్కువగా వేసింది. ఒక గుప్పెడు చిక్కుళ్ళు తన ఒళ్ళోకి తీసుకుని వలవడం మొదలుపెట్టి, ఆ పాఠాన్ని మొదటి నుంచీ మార్చి రాసుకోవాలని అనుకున్నాడు. అందుకు చాలా విషయాలు ఆమెనే అడగాలి.

"కుసుమా," అన్నాడు, "ఆ రోజు మేడ మీద, నిజంగా వెళ్ళిపోదామనే అనుకున్నావా?"

"సగం సామాను సర్దేశానండీ," అంది ఆమె. "మీరు వెళ్ళడం లేదన్నాక, మీరు చూడకుండా మళ్ళీ తీసి పెట్టుకున్నాను."